పానిక్ అటాక్: ఆ పది నిమిషాలు, ఆ తర్వాతి నెలలు

అర్ధరాత్రి క్యాజువాల్టీకి పరుగెత్తుకొచ్చేవాళ్లలో కొందరికి ఈసీజీ తీస్తే నార్మల్ వస్తుంది. నాడి వేగంగా, బీపీ కాస్త ఎక్కువగా ఉంటాయి, అంతే. డ్యూటీ డాక్టరు ఓ ఇంజక్షన్ చేయించి "ఏమీ లేదమ్మా, టెన్షన్ అంతే, ఇంటికెళ్లి పడుకోండి" అంటారు. వారం తిరక్కుండానే మళ్లీ అదే గుండె దడ, అవే చెమటలు. ఈసారి ఇంకో ఆసుపత్రి. "ఏమీ లేదు" అన్న మాట ఆ ఒక్క రాత్రికే పనిచేస్తుంది, ఎందుకంటే ఏదో ఉందని ఆ మనిషికి తెలుస్తూనే ఉంటుంది. నిజంగానే ఉంది. దానికి పేరుంది, కారణం తెలుసు, వైద్యం కూడా ఉంది.

గుండె దడదడలాడటం, ఊపిరి ఆడనట్టు ఉండటం, ఛాతీ పట్టేయడం, ముచ్చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, కడుపులో తిప్పడం, చేతివేళ్లలో తిమ్మిర్లు, ఒళ్లంతా వేడిగానో చల్లగానో అయిపోవడం, చుట్టూ ఉన్నదంతా కలలా అనిపించడం, "చచ్చిపోతున్నా", "పిచ్చెక్కుతోంది" అన్న భయం. వీటిలో నాలుగైనా ఒక్కసారిగా ముంచుకొచ్చి కొద్ది నిమిషాల్లో, ఎక్కువలో ఎక్కువ 10 నిమిషాల్లో తారస్థాయికి చేరితే దాన్ని పానిక్ అటాక్ అంటారు. సాధారణంగా అరగంటలోపు దిగిపోతుంది. ఎప్పుడో ఒకసారి వస్తే అది జబ్బు కాదు. కారణం కనబడకుండా పదేపదే వస్తూ, "మళ్లీ వస్తుందేమో" అన్న బెంగతోనో, దానికి భయపడి పనులు, ప్రయాణాలు మానుకుంటూనో కనీసం ఒక నెల గడిస్తే అప్పుడు పానిక్ డిజార్డర్ అంటారు.

ఇదేమీ ఈ కాలం సెల్‌ఫోన్లు తెచ్చిపెట్టిన రోగం కాదు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులకు గుండె దడ, ఆయాసం, ఛాతీ నొప్పి ఉండి గుండెలో మాత్రం ఏ లోపమూ దొరక్కపోవడాన్ని జాకబ్ డా కోస్టా అనే వైద్యుడు 1871లోనే రాసిపెట్టాడు. పానిక్ డిజార్డర్ అన్న పేరుతో వైద్య వర్గీకరణలోకి రావడానికి మాత్రం 1980 దాకా పట్టింది.

ఇక ఏం చేయాలో ఒక్కో మెట్టుగా చూద్దాం. చాలామంది అడిగేది "అటాక్ వచ్చినప్పుడు ఏం చేయాలి" అని. అది మూడో మెట్టులో ఉంది. కానీ ఈ జబ్బు పెరిగేదీ తగ్గేదీ అటాక్‌కీ అటాక్‌కీ మధ్య ఉన్న మామూలు రోజుల్లో. అందుకే ఆరు, ఏడు మెట్లకే ఎక్కువ చోటిచ్చాను.

1. ముందు గుండె సంగతి తేల్చుకోండి, ఒక్కసారి గట్టిగా

ఛాతీ నొప్పి మొదటిసారి వచ్చినప్పుడు అది పానిక్ అని మీకు మీరే తేల్చేసుకోకండి. మన ఇళ్లలో ఛాతీలో ఏం వచ్చినా "గ్యాస్ పట్టింది" అనే అలవాటు ఉంది. గుండెపోటు వచ్చినా గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటారు. పానిక్ వచ్చినా గ్యాస్ అనుకుని ఏళ్ల తరబడి పరగడుపున మాత్ర మింగుతారు. రెండోదానితో డబ్బు పోతుంది, మొదటిదానితో ప్రాణం పోతుంది.

ఛాతీ మీద బరువు పెట్టినట్టు నొప్పి వచ్చి కొన్ని నిమిషాలైనా తగ్గకపోవడం, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకడం, చల్లటి చెమటలు, వాంతి, నడిస్తే పెరిగి కూర్చుంటే తగ్గే నొప్పి, స్పృహ తప్పడం - వీటిలో ఏది ఉన్నా 108కి ఫోన్ చేయండి. నలభై దాటినవాళ్లు, షుగర్, బీపీ ఉన్నవాళ్లు, పొగతాగేవాళ్లు, ఇంట్లో చిన్న వయసులోనే గుండెజబ్బు వచ్చినవాళ్లున్న కుటుంబం వాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు నొప్పి పెద్దగా లేకుండా ఆయాసం, చెమటలు, నీరసంతోనే గుండెపోటు రావచ్చు. మొదటి ఈసీజీ ఒక్కటే చూసి ఊరుకోకుండా ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేసేది, అవసరమైతే కొన్ని గంటలాగి మళ్లీ చేసేది ఇందుకే.

గుండె బాగుందని తేలాక ఫిజీషియన్ దగ్గరికి ఒకసారి వెళ్లి థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ చూపించుకోండి. థైరాయిడ్ ఎక్కువైనా దడ, వణుకు, చెమటలు వస్తాయి. రక్తహీనత ఉన్న ఆడవాళ్లకు నాలుగు మెట్లెక్కితే గుండె కొట్టుకోవడం వినబడుతుంది. ఆస్తమాకు వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలర్, కొన్ని జలుబు మాత్రలు కూడా దడ తెప్పిస్తాయి. మీరు వాడే మందులన్నీ, ఆయుర్వేదంతో సహా, డాక్టరుకు చెప్పండి. దడ స్విచ్ వేసినట్టు మొదలై స్విచ్ తీసినట్టు ఆగిపోతుంటే అది గుండె లయకు సంబంధించినది కావచ్చు. అప్పుడు 24 గంటలు గుండె లయను నమోదు చేసే హోల్టర్ పరీక్ష చేయించమంటారు.

ఇవన్నీ నార్మల్ అని తేలిందా? ఇక ఆపండి. ప్రతి అటాక్‌కూ కొత్త ఈసీజీ, మూడు నెలలకోసారి టూడీ ఎకో, ఇంకో కార్డియాలజిస్టు అభిప్రాయం - ఇవి ధైర్యం ఇస్తున్నట్టే ఉంటాయి కానీ అనుమానాన్ని పెంచుతాయి. రిపోర్టు చూసిన ఊరట రెండు రోజులుంటుంది, మూడో రోజు "ఈ మధ్యలో ఏమైనా అయిందేమో" అని మొదలవుతుంది. పైన చెప్పిన ప్రమాద సూచనలు కొత్తగా కనబడితే మాత్రం మొహమాటపడకుండా వెళ్లండి.

2. ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోండి

ఇది చదివి పక్కన పడేసే విషయం కాదు. అటాక్ మధ్యలో గుర్తుకొచ్చేంతగా మనసుకు పట్టించుకోవాలి. ఎందుకంటే పానిక్‌కు సగం బలం ఈ లక్షణాలు అర్థం కాకపోవడం వల్లే వస్తుంది.

ప్రమాదం ఎదురైనప్పుడు పారిపోవడానికో తిరగబడటానికో ఒంటిని సిద్ధం చేసే ఏర్పాటు మనందరిలో ఉంది. కుక్క వెంటపడితే మన ప్రమేయం లేకుండానే కాళ్లు పరిగెత్తేది దానివల్లే. అడ్రినలిన్ విడుదలవుతుంది, కండరాలకు రక్తం పంపడానికి గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి వేగమవుతుంది, ఒళ్లు చల్లబరచడానికి చెమట పడుతుంది, అరుగుదల ఆగి కడుపులో తిప్పినట్టవుతుంది. కుక్క నిజంగా ఉంటే ఇవేవీ మనం గమనించం. సోఫాలో కూర్చుని టీవీ చూస్తుండగా ఇదంతా జరిగితే మాత్రం చచ్చిపోతున్నట్టే ఉంటుంది. పానిక్ అంటే ఆ కుక్క లేకుండా వచ్చిన పరుగు.

తిమ్మిర్ల సంగతి విడిగా చెప్పాలి. భయంలో గబగబా పీల్చి వదులుతాం. దానివల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ అవసరమైన దానికంటే తగ్గిపోతుంది. అప్పుడు వేళ్లలో, పెదాల చుట్టూ తిమ్మిరి పడుతుంది, తల తేలిపోతుంది, వేళ్లు వంకర్లు పోయినట్టు బిగుసుకోవచ్చు కూడా. ఇక్కడే పెద్ద మెలిక ఉంది. "ఊపిరి ఆడటం లేదు" అనిపిస్తుంది కానీ నిజానికి అవసరానికి మించి ఊపిరి తీస్తున్నారు. ఆక్సిజన్‌కు లోటేమీ లేదు. కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఇంట్లో ఉంటే అటాక్‌లో ఒకసారి పెట్టి చూడండి, 98, 99 చూపిస్తుంది. ఒక్కసారి చాలు. ఆ తర్వాత దాన్ని బీరువాలో పెట్టేయండి. ఎందుకో ఆరో మెట్టులో చెబుతాను.

కళ్లు తిరిగి పడిపోతానేమోనని భయపడేవాళ్లు చాలామంది. స్పృహ తప్పాలంటే మామూలుగా బీపీ పడిపోవాలి. పానిక్‌లో బీపీ పెరుగుతుంది. అందుకే పడిపోతామని అనిపించినా ఎక్కువమంది పడిపోరు. రక్తం, సూది చూస్తే భయపడేవాళ్లు దీనికి మినహాయింపు, వాళ్లకు నిజంగానే బీపీ పడిపోతుంది. గుండె నిమిషానికి 130 సార్లు కొట్టుకున్నా ఆరోగ్యవంతమైన గుండెకు అది గబగబా మెట్లెక్కినంత పనే.

మరి ఇది జబ్బుగా ఎలా మారుతుంది? బ్రిటన్ మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో ఇచ్చిన వివరణ ఇప్పటికీ వైద్యానికి ఆధారం. ముందు ఒంట్లో ఏదో చిన్న మార్పు: కాఫీ వల్లో, నిద్ర లేకపోవడం వల్లో గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. "ఇది హార్ట్ అటాక్" అని మనసు దానికి అర్థం చెబుతుంది. ఆ ఆలోచనతో భయం, భయంతో మరింత అడ్రినలిన్, దానితో గుండె మరింత వేగం. "చూశావా, నేను చెప్పలే?" అంటుంది మనసు. ఈ చక్రం రెండు మూడు తిప్పులు తిరిగేసరికి గుండెల్లో రైళ్లు పరిగెడుతుంటాయి.

3. అటాక్ వచ్చిన ఆ పది నిమిషాల్లో

మొదట దాని పేరు చెప్పండి, పైకే: "ఇది పానిక్. ఇంతకు ముందూ వచ్చింది, పోయింది. ఇదీ పోతుంది." ఇది మంత్రం కాదు. "హార్ట్ అటాక్" అన్న అర్థాన్ని తీసేసి సరైన అర్థాన్ని పెట్టడం. చక్రం తెగేది అక్కడే. అప్పుడు గుర్తురాదని భయముంటే ఫోన్లో నోట్‌గా రాసి పెట్టుకోండి, లేదా చిన్న కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

ఉన్నచోటే ఉండండి. బండి నడుపుతుంటే పక్కకు ఆపండి. మీటింగ్‌లో ఉంటే కూర్చోండి, బస్సులో ఉంటే దిగకండి. పారిపోవాలనిపిస్తుంది, పారిపోతే వెంటనే హాయిగానూ ఉంటుంది. కానీ "ఆ బస్సు దిగబట్టి బతికాను" అన్న తప్పు పాఠం మనసుకు ఎక్కేస్తుంది. రేపు ఆ బస్సు ఎక్కలేరు.

ఊపిరి సంగతి. ఎవరైనా "గట్టిగా ఊపిరి పీల్చు" అంటే వినకండి, గట్టిగా పీలిస్తే తిమ్మిర్లు పెరుగుతాయి. చూసుకోవాల్సింది గాలి వదలడం. ముక్కుతో మామూలుగా, మనసులో నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. వేడి పాలు చల్లార్చడానికి ఊదినట్టు పెదాలు కాస్త ముడిచి వదిలితే సులువు. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుంటే కదలాల్సింది ఛాతీ కాదు పొట్ట అని తెలుస్తుంది. మూడు నాలుగు నిమిషాలు చేయండి. ఇది అటాక్‌లో మొదటిసారి ప్రయత్నిస్తే కుదరదు. రోజూ ఉదయం, రాత్రి బాగున్నప్పుడే ఐదు నిమిషాలు అలవాటు చేసుకోవాలి. ప్రాణాయామం చేసేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు, అయితే కపాలభాతి, భస్త్రిక లాంటి వేగమైనవి అటాక్‌లో వద్దు. పేపర్ కవర్లో ఊపిరి పీల్చమనే పాత సలహా కూడా వద్దు. అసలు సమస్య ఆస్తమానో గుండెపోటో అయితే అది ప్రమాదం.

తర్వాత చేయాల్సింది కష్టమైనది: దాన్ని ఆపాలని చూడకండి. గుండె కొట్టుకుంటోందా, కొట్టుకోనివ్వండి. చేతులు వణుకుతున్నాయా, వణకనివ్వండి. "తగ్గిందా? ఇంకా తగ్గలేదేంటి?" అని నిమిషానికోసారి చూసుకుంటుంటే అడ్రినలిన్‌కు కొత్త సరుకు అందిస్తున్నట్టే. వదిలేస్తే అది దానంతటదే కరిగిపోతుంది. కూర్చున్నచోటే కళ్లు తెరిచి చుట్టూ ఉన్నవి చూడండి, కాళ్ల కింద నేలను గమనించండి, చేతిలో పని ఉంటే నెమ్మదిగా కొనసాగించండి. కనబడేవి ఐదు, తాకేవి నాలుగు, వినబడేవి మూడు లెక్కపెట్టమనే పద్ధతి రీల్స్‌లో బాగా తిరుగుతోంది. ఆ కాసేపటికి పనికొస్తుంది, కాదనను. దాంతోనే జబ్బు నయమవుతుందని మాత్రం అనుకోకండి.

రాత్రి నిద్రలోంచి ఉలిక్కిపడి లేచేలా వచ్చినా ఇదే పద్ధతి. పీడకల లేకుండానే రావచ్చు. లేచి కూర్చోండి, లైటు వేసుకోండి, గాలి నెమ్మదిగా వదలండి. గురక ఎక్కువగా పెడుతూ ఊపిరి ఆగిపోయినట్టు లేస్తుంటే అది స్లీప్ అప్నియా కావచ్చు, డాక్టరుకు చెప్పండి.

4. పక్కనున్నవాళ్లకు

ఇంట్లోవాళ్లు ప్రేమతోనే అంటారు, "ఊరికే భయపడకు", "ధైర్యంగా ఉండు", "నీకేం తక్కువని?" అని. ఆ మనిషికి వినబడేది మాత్రం "నువ్వు పిరికిదానివి" అని. దాని బదులు పక్కన కూర్చుని, "అక్కా, నేనిక్కడే ఉన్నా. ఇది మొన్న వచ్చిందే. పోయినసారి పోయినట్టే పోతుంది. నాతోపాటు మెల్లగా గాలి వదులు" అనండి. మీరు నెమ్మదిగా వదులుతుంటే వాళ్లూ అందుకుంటారు. చుట్టూ పదిమంది మూగి విసనకర్రలతో విసరడం, నోట్లో నీళ్లు పోయడం వద్దు.

దిష్టి తీయడం, తాయెత్తు కట్టించడం గురించి. పెద్దవాళ్ల తృప్తికి ఉప్పు తిప్పితే నష్టమేమీ లేదు. కానీ "గాలి సోకింది" అన్న మాట అప్పటికే భయంలో ఉన్న మనిషి భయాన్ని రెట్టింపు చేస్తుంది, పైగా ఆరు నెలలు భూతవైద్యుల చుట్టూ తిప్పుతుంది. "నరాల బలహీనత" అని ఆర్ఎంపీ సెలైన్ ఎక్కించడం కూడా అలాంటిదే. ఆ రోజుకు హాయిగా ఉంటుంది. అటాక్ ఎలాగూ అరగంటలో తగ్గేదే కాబట్టి పేరు సెలైన్‌కు వస్తుంది.

5. తగ్గాక నాలుగు ముక్కలు రాయండి

ఎప్పుడు, ఎక్కడ మొదలైంది, ఒంట్లో మొదట ఏం తెలిసింది, ఏం జరుగుతుందని భయపడ్డారు, చివరికి ఏం జరిగింది. అంతే, పేజీలు నింపక్కర్లేదు. పది అటాక్‌ల తర్వాత ఆ నోటుబుక్ తిరగేస్తే రెండు విషయాలు కనబడతాయి. ఒకటి, "చచ్చిపోతాను" అని రాసిన ప్రతిసారీ ఎదురుగా "ఏమీ కాలేదు, 20 నిమిషాల్లో తగ్గింది" అని ఉంటుంది. రెండు, "కారణం లేకుండా" వచ్చిందనుకున్నవాటి వెనక ఖాళీ కడుపు మీద కాఫీయో, నిద్రలేని రాత్రో, అత్తగారింటి నుంచి వచ్చిన ఫోనో ఉంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ బుక్ తీసుకెళ్లండి, సగం పని అయిపోయినట్టే.

6. ఊతాలను ఒక్కొక్కటిగా వదలండి

ఇది చాలామందికి ఎవరూ చెప్పని విషయం. పానిక్ వచ్చినవాళ్లు తమకు తెలియకుండానే కొన్ని జాగ్రత్తలు మొదలుపెడతారు. బయటికి వెళ్తే నీళ్ల బాటిల్, జేబులో నాలుక కింద పెట్టుకునే మాత్ర, సినిమా హాల్లో తలుపు పక్క సీటు, ఇంటి నుంచి ఆఫీసు దారిలో ఏయే ఆసుపత్రులున్నాయో నోటికి తెలిసి ఉండటం, ఒంటరిగా స్నానానికి వెళ్తే తలుపు గడియ పెట్టకపోవడం, మెడ మీద వేలు పెట్టి నాడి చూసుకోవడం, స్మార్ట్‌వాచీలో హార్ట్‌రేటు, ఆక్సీమీటర్, గూగుల్‌లో లక్షణాలు వెతకడం.

వీటితో వచ్చిన చిక్కు ఏమిటంటే, ఏమీ జరగనప్పుడు ఆ ఘనత వీటికే దక్కుతుంది. "బాటిల్ ఉంది కాబట్టి సరిపోయింది." బాటిల్ లేకపోయినా ఏమీ అయ్యేది కాదని తెలుసుకునే అవకాశమే రాదు. కాబట్టి మీ ఊతాల జాబితా రాసుకుని తేలికైనదాంతో మొదలుపెట్టి వారానికొకటి వదలండి. ఈ వారం వాచీలో హార్ట్‌రేటు చూడటం ఆఫ్ చేయండి. వచ్చే వారం బాటిల్ ఇంట్లో వదిలి వీధి చివరి కిరాణా కొట్టు దాకా వెళ్లిరండి. గూగుల్ వెతుకులాట మాత్రం ఈరోజే ఆపేయండి. "ఎడమ చేయి లాగుతోంది" అని వెతికితే అది మంచి వార్త చెప్పదు. డాక్టరు రాసిన మందులు ఈ జాబితాలోకి రావు, వాటిని సొంతంగా మానకూడదు.

7. వదిలేసిన చోట్లకు మళ్లీ వెళ్లండి

పానిక్ నెమ్మదిగా మనిషి ప్రపంచాన్ని కుదిస్తుంది. మొదట మెట్రో మానేస్తారు, తర్వాత లిఫ్టు, ఫ్లైఓవరు, మంగలి షాపులో కుర్చీ, పెళ్లిలో ముందు వరస. తిరుమల వెళ్లాలని ఉన్నా వైకుంఠం క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్‌లో గంటలకొద్దీ తలుపు తీయరన్న ఆలోచనతోనే ప్రయాణం రద్దు చేసుకునేవాళ్లున్నారు. కొందరు చివరికి గడప దాటరు. పిరికితనం అనకండి, తప్పించుకున్న ప్రతిసారీ భయం కాస్త ముదిరింది, అంతే.

దీనికి మందు ఆ చోట్లకే తిరిగి వెళ్లడం, ఒక్కసారిగా కాదు, మెట్లుగా. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్లాల్సిన ఉద్యోగి, ఆర్నెల్లుగా అప్పు చేసి మరీ క్యాబ్‌లో వెళ్తున్నారనుకోండి. మెట్లు ఇలా ఉండొచ్చు. ముందు అమీర్‌పేట స్టేషన్‌లో రైలెక్కకుండా ప్లాట్‌ఫారం మీద పావుగంట నిలబడటం. తర్వాత రద్దీ లేని మధ్యాహ్నం తమ్ముణ్ని వెంటబెట్టుకుని పక్క స్టేషన్ మధురానగర్ దాకా. ఆపైన అదే దూరం ఒంటరిగా. అది అలవాటయ్యాక పెద్దమ్మగుడి దాకా, ఆ తర్వాత హైటెక్ సిటీ దాకా. చివర్లో ఉదయం తొమ్మిదింటి రద్దీలో, తలుపుకు దూరంగా, బాటిల్ లేకుండా. ప్రతి మెట్టుకూ సున్నా నుంచి 100 వరకు ఎంత భయమో అంకె వేసుకోండి. ముప్పై నలభై ఉన్నదాంతో మొదలుపెట్టండి.

ఎక్కేముందు ఏం జరుగుతుందని భయమో ఒక వాక్యం రాయండి: "ఊపిరాడక పడిపోతాను." దిగాక ఏం జరిగిందో రాయండి. భయం పూర్తిగా తగ్గడం కాదు ఇక్కడ గెలుపు. భయంతోనే ఉన్నా మీరు పడిపోలేదు, అరవలేదు, పిచ్చెక్కలేదు అని మనసు ప్రత్యక్షంగా చూడటం. ఒకే మెట్టును వారంలో నాలుగైదు సార్లు చేయాలి, నెలకోసారి చేస్తే పనిచేయదు. మధ్యలో తట్టుకోలేక దిగిపోయారా, పరవాలేదు, ప్లాట్‌ఫారం మీద కాసేపు కూర్చుని తర్వాతి రైలెక్కండి, ఇంటికి మాత్రం తిరగకండి.

ఇందులోనే ఇంకో అభ్యాసం ఉంది. భయపడేది చోటుకు కాదు, ఒంట్లో వచ్చే ఆ అనుభూతికే అయితే, ఆ అనుభూతిని కావాలని తెప్పించుకోవాలి. ఒక నిమిషం గబగబా ఊపిరి పీల్చి వదలడం (తల తేలిపోతుంది), నిలబడి అరనిమిషం గిరగిరా తిరగడం, ముక్కు మూసుకుని సన్నటి స్ట్రా గుండా ఒక నిమిషం గాలి పీల్చడం, నాలుగు అంతస్తుల మెట్లు గబగబా ఎక్కడం (దడ వస్తుంది). విన్నప్పుడు పిచ్చి పనిలా ఉంటుంది. రోజూ చేస్తే "దడ అంటే చావు" అన్న ముడి విడిపోతుంది. గుండెజబ్బు, ఆస్తమా, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు ఇవి డాక్టరును అడగకుండా చేయొద్దు. మిగతావాళ్లు కూడా మొదటిసారి సైకాలజిస్టు ఎదురుగా చేస్తే మంచిది.

8. రోజువారీ విషయాలు, క్లుప్తంగా

కాఫీ, టీ, ఎనర్జీ డ్రింకులు తగ్గించండి. కెఫీన్ సగం తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం రెండు తర్వాత వద్దు. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి వస్తుంది, నెమ్మదిగా తగ్గించండి. పానిక్ కుదుటపడేదాకా కటిక ఉపవాసాలు వాయిదా వేసుకోండి, ఆకలికి వచ్చే వణుకు పానిక్‌లాగే ఉంటుంది. రోజూ అరగంట చురుగ్గా నడవండి. దడకు భయపడి వ్యాయామం మానేసినవాళ్లకు నడకే ఒక అభ్యాసం.

మద్యం తాగితే ఆ పూట భయం తగ్గుతుంది, మర్నాడు పొద్దున రెట్టింపుగా వస్తుంది. తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రజోలం అనే మత్తుమందు కలుపుతారన్నది తెలిసిన సంగతే. రోజూ అలాంటి కల్లు తాగే అలవాటుండి హఠాత్తుగా మానేసినప్పుడు వచ్చే వణుకు, నిద్రలేమి, భయం పానిక్ కాదు, ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. దానికి ఊపిరి అభ్యాసాలు కాదు, వెంటనే ఆసుపత్రి కావాలి.

అటాక్‌లు లేకుండా రోజంతా "పిల్లాడి ఫీజు, అమ్మ ఆరోగ్యం, ఉద్యోగం ఉంటుందా" అని నలిగేవాళ్లది వేరే రకం ఆందోళన. వాళ్లకు ఒక ఉపాయం: సాయంత్రం ఆరింటికి ఇరవై నిమిషాలు ఆలోచనలకే కేటాయించండి. పగలు ఏ బెంగ వచ్చినా ఒక ముక్క రాసి "ఆరింటికి చూద్దాం" అని పక్కన పెట్టండి. ఆరింటికి కాగితం తీసి, చేయగలిగినది ఉంటే మొదటి పని రాయండి, లేనిది కొట్టేయండి. సగం బెంగలు అప్పటికే చల్లారి ఉంటాయి.

9. డాక్టరు, మందులు

నెలలో అటాక్‌లు పదేపదే వస్తున్నా, పనులు మానుకుంటున్నా, నిద్ర, తిండి దెబ్బతిన్నా సైకియాట్రిస్టును కలవండి. సైకియాట్రిస్టు మందులు రాసే డాక్టరు. క్లినికల్ సైకాలజిస్టు మాటలతో, అభ్యాసాలతో వైద్యం చేస్తారు. పానిక్‌కు సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే పద్ధతి బాగా పనిచేస్తుంది, మొత్తం 7 నుంచి 14 గంటల సెషన్లు సరిపోతాయి. పైన 5, 6, 7 మెట్లలో చెప్పింది దాని సారమే. సైకాలజిస్టును ఎంచుకునేటప్పుడు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.

మందుల్లో రెండు రకాలు తెలిసి ఉండాలి. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటివి అసలు వైద్యం. ఇవి పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం పదిరోజుల్లో ఆందోళన కాస్త పెరగొచ్చు, వికారం ఉండొచ్చు. ఇది చెప్పకపోతే చాలామంది నాలుగో రోజే మానేస్తారు. అందుకే డాక్టర్లు తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. లైంగికంగా ఇబ్బంది ఎదురైతే సిగ్గుపడకుండా చెప్పండి, మోతాదో మందో మారుస్తారు. తగ్గాక కూడా కనీసం ఆర్నెల్ల నుంచి ఏడాది వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఇవి మత్తుకు అలవాటు చేసే మందులు కావు.

రెండో రకం ఆల్ప్రజోలం, క్లోనజెపామ్. అరగంటలో హాయినిస్తాయి, అసలు ప్రమాదం అదే. వారాల తరబడి రోజూ వాడితే అలవాటవుతాయి, హఠాత్తుగా ఆపితే ముందున్నదానికంటే ఎక్కువ భయం, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు పానిక్ డిజార్డర్‌కు వీటిని వాడొద్దనే అంటున్నాయి. మన డాక్టర్లు మొదటి రకం మందు పనిచేసేలోపు రెండు మూడు వారాలకు రాస్తుంటారు, అంతవరకు ఫరవాలేదు. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో ఏళ్ల తరబడి కొనుక్కోవడం, పక్కింటి పిన్నిగారికి "నాకు పనిచేసింది" అని రెండు మాత్రలివ్వడం మాత్రం వద్దే వద్దు. మద్యంతో కలిస్తే ఊపిరికే ప్రమాదం. ఇప్పటికే వాడుతుంటే సొంతంగా ఆపకండి, డాక్టరు సలహాతో మెల్లగా తగ్గించుకోండి.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ముందు 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీమానస్. రోజంతా, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. వాటి పేరు వినగానే జంకేవాళ్లు మీ దగ్గరి ప్రభుత్వ బోధనాసుపత్రి సైకియాట్రీ ఓపీకి వెళ్లొచ్చు, అక్కడ అందరితోపాటే చీటీ, అందరితోపాటే వరస. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా కంపెనీలు శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి. అయితే చాలా పాలసీలు ఓపీ ఖర్చులు ఇవ్వవు కాబట్టి కాగితం చదువుకోండి.

అమెరికాలో చదువుకునే పిల్లలు ఇంటికి చెప్పలేక ఎమర్జెన్సీ రూమ్ బిల్లులతో అప్పులపాలవుతుంటారు. ముందు మీ యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటరుకు వెళ్లండి, విద్యార్థులకు చాలాచోట్ల ఉచితం. ఇంగ్లండులో జీపీ (ఫ్యామిలీ డాక్టరు) చీటీ లేకుండానే అక్కడి ప్రభుత్వ వైద్యసేవ అయిన ఎన్‌హెచ్ఎస్ టాకింగ్ థెరపీస్‌కు నేరుగా పేరు ఇచ్చుకోవచ్చు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం ఏ మెట్లూ చూడకండి. ఇండియాలో 14416 గానీ 108 గానీ, అమెరికాలో 988, ఆ నిమిషంలోనే చేయండి, ఒంటరిగా ఉండకండి.

10. మళ్లీ వస్తే

తగ్గిన ఏడాదికో రెండేళ్లకో, ఇంట్లో ఎవరైనా పోయినప్పుడో, కాన్పు తర్వాతో, ఉద్యోగం మారినప్పుడో మళ్లీ ఒక అటాక్ రావచ్చు. చేసినదంతా వృథా అయిందనిపిస్తుంది. కాలేదు. ఆ ఒక్క అటాక్‌కు భయపడి మెట్రో మానేస్తేనే పాత కథ మొదలవుతుంది, కాబట్టి మర్నాడు అదే రైలు ఎక్కండి. పాత నోటుబుక్ బయటికి తీయండి, ఏ ఊతాలు చాటుగా తిరిగొచ్చాయో చూసుకోండి, ఊపిరి అభ్యాసం మళ్లీ రోజుకు రెండు పూటలా మొదలుపెట్టండి. రెండు వారాల్లో కుదుటపడకపోతే, లేదా ఈ మధ్యే మందులు తగ్గించి ఉంటే, డాక్టరుకు ఫోన్ చేసి ఆ తేదీలు చెప్పండి.